ముసలి పిల్లితో సంసారం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా సుబ్బులు 17 ఏళ్ళు బతికింది. మొదటి 14 ఏళ్ళు అది మా ఇంట్లో ఉంది, చివరి మూడేళ్ళు మేం దాని ఇంట్లో ఉన్నాం. కిడ్నీలు, థైరాయిడ్, కీళ్ళు, బీపీ ఒకదాని వెనక ఒకటి తగులుకున్నాయి. వాటితో పాటు కరవడం, రక్కడం, మంచం మీద పాస్ పోయడం, అర్ధరాత్రి పెడబొబ్బలు. ఆ మూడేళ్ళలో నేను డాక్టర్లని అడిగినవీ, ఇప్పుడు తెలిసినవాళ్ళు నన్ను అడుగుతున్నవీ కలిపి రాశాను. నేను డాక్టర్ని కాదు. అందుకే మందుల మోతాదులు ఎక్కడా రాయలేదు. అవి మీ పిల్లి బరువు, రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పాల్సినవి.

పిల్లికి ఎన్నేళ్ళు వస్తే ముసలిది అయినట్టు?

పదేళ్ళు దాటితే అనుకోండి. 15 ఏళ్ళ పిల్లి అంటే మన లెక్కలో 75 దాటిన మనిషి. అక్కడినుంచి ఏడాదికి రెండుసార్లు రక్తం, మూత్రం పరీక్షలు చేయించి బీపీ కూడా చూపించుకోవాలి. పిల్లికి బీపీ చూసే మిషను అన్ని క్లినిక్కుల్లో ఉండదు, ముందే ఫోన్ చేసి అడగండి.

బరువు మాత్రం ఇంట్లోనే చూసుకోవచ్చు. పిల్లిని ఎత్తుకుని మిషనెక్కండి, దాన్ని దింపేసి మళ్ళీ ఎక్కండి, తేడా దాని బరువు. చంటిపిల్లల బరువు చూసే మిషను దొరికితే ఇంకా మేలు. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే 70 కిలోల మనిషి ఏడు కిలోలు తగ్గినట్టు. బొచ్చు కప్పేస్తుంది కాబట్టి కంటికి ఆనదు. నేను పాల క్యాలెండర్ మీద నెలకోసారి రాసేదాన్ని.

ఇన్నేళ్ళూ ఒళ్ళో పడుకున్న పిల్లి ఇప్పుడు ముట్టుకుంటే కరుస్తోంది. పొగరెక్కిందా?

పొగరు కాదు, నొప్పి. ఇంత పేజీ రాస్తున్నది అసలు ఈ మాట చెప్పడానికే.

సుబ్బులు 13వ ఏట బీరువా ఎక్కడం మానేసింది. వయసొచ్చింది కదా, బుద్ధి కూడా వచ్చిందని మేమంతా నవ్వుకున్నాం. తర్వాత ఏడాదికి మా అమ్మ తోక దగ్గర నిమిరితే వెనక్కి తిరిగి చెయ్యి పట్టేసింది. అప్పుడు చూపించిన మొదటి డాక్టరు కనీసం ఒళ్ళు తడమకుండానే "వయసైపోయిందండీ, ఇంతే" అని పంపించేశారు. రెండో ఆయన ఎక్స్‌రే తీయించారు. తుంటి కీళ్ళు రెండూ అరిగిపోయి ఉన్నాయి. 12 ఏళ్ళు దాటిన పిల్లులకి ఎక్స్‌రే తీస్తే పదింటిలో తొమ్మిదింటికి ఎక్కడో ఒకచోట కీలు అరిగే కనబడుతుంది. కానీ కుక్కలా కుంటదు. ఎక్కడం, దూకడం మానేస్తుంది, వీపు నాక్కోవడం మానేస్తుంది, అక్కడి బొచ్చు అట్టలు కడుతుంది. ఆ అట్ట చర్మాన్ని లాగుతుంటే మనం పోయి నిమురుతాం, అది కరుస్తుంది.

పళ్ళు కూడా చూడండి. చిగుళ్ళు ఎర్రబడినా, పన్ను మొదట్లో కరిగిపోతున్నా ముఖం మీద చెయ్యి వెయ్యనివ్వదు. గోళ్ళు చూడండి. ముసలి పిల్లి గోకుడు తగ్గించేస్తుంది కాబట్టి గోరు లావెక్కి, వంకర తిరిగి, అరికాలి మెత్తలోకి దిగిపోతుంది. మా సుబ్బులు ముందు కాలి బొటనగోరు అలా దిగి, చుట్టూ చీము పట్టి ఉంటే, మేం పది రోజులు "నడక మారిందే" అనుకుంటూ కూర్చున్నాం.

నొప్పి ముఖంలో తెలుస్తుంది. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో పిల్లి ముఖం చూసి నొప్పిని అంచనా వేసే పద్ధతి ప్రచురించారు. చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల అనే ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేస్తారు. చెవులు పక్కలకి వాలిపోవడం, కళ్ళు చికిలించడం, మూతి బిగబట్టడం, మీసాలు బిర్రుగా ముందుకి రావడం, తల భుజాల కంటే కిందకి దిగడం, ఇవీ గుర్తులు. పదికి నాలుగు వచ్చిందంటే నొప్పి మందు గురించి ఆలోచించాలి. అది అప్పటికప్పుడు వచ్చిన నొప్పుల కోసం తయారు చేసిన పద్ధతి, కీళ్ళ నొప్పి లాంటి పాత నొప్పులకి పూర్తిగా సరిపోదు. అయినా ముఖం చూసే అలవాటు పడుతుంది. ఒక ఫొటో తీసి డాక్టరుకి చూపిస్తే ఆయనకీ సుళువు, ఎందుకంటే క్లినిక్కులో ఏ పిల్లి అయినా బిగుసుకునే కూర్చుంటుంది.

ఈలోగా వీపు వదిలేసి బుగ్గలు, గడ్డం కింద మాత్రమే నిమరండి. వెనకనుంచి వెళ్ళి ఎత్తకండి. చెవుడు ఉంటే మీరు వస్తున్నట్టు దానికి తెలియదు, నేల మీద చేత్తో రెండుసార్లు తట్టి దగ్గరికి వెళ్ళండి.

కోపంతోనే నా పక్క మీద పాస్ పోస్తోందని మా ఇంట్లో అంటున్నారు. నిజమేనా?

పిల్లి పగబట్టి ఉచ్చ పోయదు. మూడు సంగతులు చూడండి.

ఒకటి, దొడ్డికి పెట్టిన ఇసుక ట్రే దాకా వెళ్ళేలోపే వచ్చేస్తోందేమో. కిడ్నీ, షుగర్, థైరాయిడ్ ఏది ఉన్నా నీళ్ళు ఎక్కువ తాగుతుంది, ఎక్కువ పోస్తుంది. నాలుగు కిలోల పిల్లి రోజుకి మామూలుగా 200 మి.లీ. లోపే తాగుతుంది. తడి తిండి తినేదైతే ఇంకా తక్కువ. గిన్నె రోజుకి రెండుసార్లు నింపాల్సి వస్తోందంటే పరీక్ష చేయించండి.

రెండు, ట్రే గోడ ఎక్కలేకపోతోందేమో. మనకి అరడుగు గోడ ఒక లెక్క కాదు, కీళ్ళు పోయిన పిల్లికి అది ప్రహరీ. మేం బట్టలు నానబెట్టే పాత టబ్బుకి ఒక పక్క కత్తితో కోసి, అంచు గరుకు తగలకుండా టేపు చుట్టాం. లోపలికి అడుగు వేసేచోట గోడ మూడు వేళ్ళ ఎత్తు. హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి. చుట్టాలొస్తే ముక్కు మూసుకున్నారు, మూసుకోనివ్వండి. కిడ్నీ పిల్లి ట్రే రోజుకి రెండుసార్లు ఎత్తాలి, లేకపోతే అది తడి ఇసుకలో అడుగు పెట్టనని మన పక్కలోకి వస్తుంది.

మూడు, మూత్రంలో ఇన్ఫెక్షనో రాళ్ళో. చుక్కలు చుక్కలుగా పోస్తూ అరుస్తుంటే అదే. మగ పిల్లి పదేపదే ట్రేలో కూర్చుని ఒక్క చుక్క కూడా రాకపోతే తెల్లవారేదాకా ఆగకండి. మూత్రం పూర్తిగా బిగిస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

తుడిచే దగ్గర ఒక జాగ్రత్త. మనిళ్ళలో ఏ వాసనకైనా ఫినాయిలే మందు. ఫినాయిల్, డెటాల్ రెండూ పిల్లికి విషం. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే చాలు. పైగా అమ్మోనియా ఉన్న క్లీనర్లు ఉచ్చ వాసనే వేస్తాయి, అది మళ్ళీ అక్కడే పోస్తుంది. పెంపుడు జంతువుల షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ అని దొరుకుతుంది, అది వాడండి. లేదంటే సర్ఫ్ నీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో తుడిచి, ఎండబెట్టండి. పరుపు మీదకి రబ్బరు షీటు వేసేయండి, చంటిపిల్లలకి వేసేది.

రాత్రి రెండింటికి లేచి గోడకేసి చూస్తూ అరుస్తోంది. అపార్ట్‌మెంట్‌లో తలెత్తుకోలేకపోతున్నాం.

పిల్లి ఏడిస్తే ఇంటికి అరిష్టమని పక్కింటావిడ ఒకావిడ మా అత్తయ్యగారికి చెప్పి, ఆవిడ నాకు చెప్పి, ఒక వారం ఇంట్లో ఇదే గొడవ. అరిష్టం సంగతి అలా ఉంచి థైరాయిడ్, బీపీ చూపించండి. ముసలి పిల్లి రాత్రిపూట అరవడానికి ఇవి రెండూ పెద్ద కారణాలు. బీపీ బాగా పెరిగితే కంటి వెనక పొర ఊడి రాత్రికి రాత్రే చూపు పోతుంది. కంటిపాప పెద్దదై వెలుతురు వేసినా చిన్నదవకపోతే అదే రోజు పరిగెత్తండి. కొన్ని పిల్లులకి తొందరగా మందు పడితే కొంత చూపు తిరిగొస్తుంది.

ఇవేవీ కాకపోతే మతిమరుపు. మనుషుల్లో అల్జీమర్స్ లాంటిది పిల్లులకీ ఉంది. 15 దాటిన పిల్లుల్లో సగం దాకా ఎంతో కొంత ఈ లక్షణాలు కనబడతాయని పశువైద్యులు చెబుతారు. గది మధ్యలో నిలబడి ఎటు వెళ్ళాలో తెలియక అరుస్తుంది. తిన్న పది నిమిషాలకే తినలేదని అరుస్తుంది. మా నాన్నమ్మ చివర్లో "నాకు అన్నం పెట్టలేదు" అన్నట్టే.

మాకు పనిచేసినవి: వంటింట్లో, ట్రే దగ్గర చిన్న బెడ్‌లైట్లు. సోఫా, మంచం ఉన్నచోటినుంచి కదపకపోవడం. మేం పడుకునే ముందు పది గంటలకి చివరి ముద్ద పెట్టడం. పగలంతా నిద్రపోకుండా సాయంత్రం కాసేపు దారంతో ఆడించడం, అంటే దారం నేను ఆడించడం, అది చూడటం. అరిచినప్పుడు తిట్టకుండా పేరు పెట్టి పిలిస్తే చాలాసార్లు గొంతు పట్టుకుని గదిలోకి వచ్చేసేది. కాలు కాలిన పిల్లి అని ఊరికే అనలేదు, కొన్ని రాత్రులు ఏం చేసినా తిరుగుతూనే ఉండేది. డాక్టర్ని అడిగితే ఆందోళన తగ్గించే మందులున్నాయి. అడగడానికి మొహమాటపడకండి. మీరు నిద్రపోకపోతే పగలు దానికి సేవ చేసేదెవరు?

ఆవురావురుమని తింటోంది, అయినా ఎముకలు తేలాయి. నులిపురుగులా?

పదేళ్ళు దాటిన పిల్లిలో ముందు అనుమానించాల్సింది థైరాయిడ్ ఎక్కువ కావడం. టీ4 అనే రక్తపరీక్షతో తెలుస్తుంది. మనుషులకి ఇచ్చే కార్బిమజోల్ మాత్రే డాక్టర్లు లెక్క కట్టి రాస్తారు, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ మాత్ర విరవడం, ట్రే ఎత్తడం ఆమెకి అప్పజెప్పకండి. రెండో అనుమానం షుగర్.

క్రియాటినిన్ 3.4 అని రిపోర్టు వచ్చింది. ఇంకెన్నాళ్ళు?

క్రియాటినిన్ అంటే కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె. ఆ ఒక్క అంకె చూసి ఎవరూ చెప్పలేరు. కిడ్నీ జబ్బుని ఐరిస్ అనే అంతర్జాతీయ పద్ధతిలో నాలుగు దశలుగా చూస్తారు. పిల్లికి క్రియాటినిన్ 1.6 నుంచి 2.8 దాకా రెండో దశ, 2.9 నుంచి 5 దాకా మూడోది, ఆ పైన నాలుగోది. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు చూసిన అంకె ఎక్కువ చూపిస్తుంది, సెలైన్ పెట్టాక దిగుతుంది. అందుకే కుదుటపడ్డాక మళ్ళీ చూడాలి. సుబ్బులుకి మొదటిసారి 4.1 వచ్చింది. మూడు రోజులు సెలైన్ పెట్టాక 2.9కి దిగి, ఆ చుట్టుపక్కలే రెండేళ్ళకి పైగా నడిచింది.

పోయిన కిడ్నీ తిరిగి రాదు. మిగిలినదాని మీద భారం తగ్గించడమే మన పని. అందులో తిండిది పెద్ద పాత్ర. ఫాస్ఫరస్ తగ్గించాలి. మనం ప్రేమగా పెట్టే కార్జం, ముల్లుతో సహా నూరిన ఎండు నెత్తళ్ళు, బొమికల రసం ఇవన్నీ ఫాస్ఫరస్ పుట్టలు. నెత్తళ్ళలో ఉప్పు అదనం. కిడ్నీ పిల్లుల కోసం చేసిన తిండి ఖరీదే, పైగా మొదట్లో మూతి తిప్పుకుంటుంది. పాత తిండిలో చెంచాడు కలిపి, రెండు మూడు వారాల్లో మెల్లగా మార్చండి. అస్సలు తినకపోతే మళ్ళీ పాతదే పెట్టండి. తినని మంచి తిండి కంటే తిన్న మామూలు తిండి నయం.

ఇంట్లోనే సెలైన్ ఎక్కించమంటున్నారు. నా చేతులు వణుకుతున్నాయి.

నావీ వణికాయి. ఇది నరానికి కాదు, చర్మం కింద. మొదటి రెండుసార్లు డాక్టరు ముందు మీ చేత్తోనే చేయండి.

మేం చేసే పద్ధతి ఇది. ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ అనే సెలైన్) బాటిల్‌ని గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పది నిమిషాలు ఉంచి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూసేదాన్ని. చల్లటి సెలైన్ లోపలికి వెళ్తే ఏ పిల్లీ కూర్చోదు. బాటిల్ కర్టెన్ రాడ్డుకి వేలాడేది. మా ఆయన సుబ్బులుని తువ్వాలు పరిచిన పీట మీద కూర్చోబెట్టి పెరుగు మీగడ వేలికి రాసి పట్టుకునేవారు. నేను భుజాల మధ్య చర్మం పైకి ఎత్తి, గుడారం లాగా లేచిన చోట కింది అంచులో సూది దింపి, గొట్టం వదిలేసేదాన్ని. మొదటిరోజు సూది చర్మానికి ఈ పక్కనుంచి దిగి ఆ పక్కనుంచి బయటికొచ్చింది. సెలైనంతా పీట మీదకి కారి, సుబ్బులు మా ఇద్దరినీ అసహ్యంగా చూసింది. నాలుగో రోజుకి చెయ్యి తిరిగింది. ఐదారు నిమిషాల పని. అయ్యాక వీపు మీద గూనిలా ఉబుకుతుంది, తర్వాత ఆ నీళ్ళు ముందుకాలి వైపు జారతాయి. కంగారు పడకండి, కొన్ని గంటల్లో ఒంట్లోకి ఇంకిపోతుంది.

గుండె జబ్బున్న పిల్లికి సెలైన్ ప్రమాదం. నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. 30 లోపు ఉండాలి. 40 దాటినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా సెలైన్ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

రెండు రోజులుగా ఏమీ ముట్టలేదు. ఉపవాసం ఉంటే కడుపు కుదురుకుంటుందా?

లంఖణం పరమౌషధం అనేది మనకి, పిల్లికి కాదు. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయంలోకి చేరి కాలేయం చెడిపోతుంది. లావు పిల్లికి ఇంకా ప్రమాదం. ఒకరోజు పూర్తిగా తినకపోతే ఫోన్, రెండో రోజుకి క్లినిక్కు.

ముసలి పిల్లికి వాసన సరిగ్గా తెలియదు, వాసన లేని తిండి దానికి తిండే కాదు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెనో, ముల్లు తీసిన శీలావతి ముక్కో గోరువెచ్చగా చేసి పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, రెండూ దాని రక్తాన్ని పాడుచేస్తాయి. అంటే మన కూరలోంచి తీసి కడిగిన ముక్క కూడా వద్దు. లోతు గిన్నెలో కాక పళ్ళెంలో పెట్టండి. వికారం ఉంటే, అంటే తిండి దగ్గరికొచ్చి వాసన చూసి పెదాలు నాక్కుని వెళ్ళిపోతుంటే, దానికి మందుంది, ఆకలి పుట్టించే మందూ ఉంది. పెరుగన్నం, పాలన్నం పెట్టి పెంచామని చెప్పేవాళ్ళుంటారు. ఆ పిల్లులు మిగతాది బయట ఎలకల్లో వెతుక్కునేవి. పిల్లి మాంసాహారి, టారిన్ అనే పదార్థం తిండిలోంచి రాకపోతే గుండె, కళ్ళు దెబ్బతింటాయి.

మాత్ర వెయ్యాలంటే యుద్ధమే. ఏదైనా కిటుకుందా?

తువ్వాలులో కాజా చుట్టినట్టు చుట్టి, తల పైకెత్తి, నాలుక వెనక వేసి, వెంటనే సిరంజితో ఒక మి.లీ. నీళ్ళు పక్కనుంచి పట్టండి. పొడి మాత్ర గొంతులో అతుక్కుంటే పుండు పడుతుంది. కొన్ని మాత్రలు పొడి చేయకూడదు, అడిగి చేయండి. తినే తిండి అంతట్లో మందు కలపకండి, ఆ తిండినే మానేస్తుంది. ఒక్క చిన్న ముద్దలో పెట్టి, అది మింగాక మిగతా భోజనం.

మనం వేసుకునే డోలో పావు ముక్క వెయ్యొచ్చా?

వద్దు. పారాసెటమాల్ పావు ముక్కతో కూడా పిల్లి చచ్చిపోతుంది. దాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ కూడా అంతే. కీళ్ళకి అమృతాంజనం, విక్స్, కర్పూరం నూనె రాయకండి. కుక్కల పేల మందు, ముఖ్యంగా పెర్మెత్రిన్ ఉన్నది, పిల్లి మీద చుక్క పడనివ్వకండి. పూల బొకేల్లో వచ్చే లిల్లీలు కిడ్నీలని ఒకటి నుంచి మూడు రోజుల్లో చంపేస్తాయి. పుప్పొడి చాలు.

బుట్ట చూస్తేనే మంచం కిందకి దూరిపోతుంది. డాక్టరు దగ్గరికి ఎలా?

బుట్టని అటక మీద దాచకండి. ఏడాది పొడుగునా హాల్లో మూల తెరిచి పెట్టి, లోపల మీ పాత చీర పరవండి. అందులోనే పడుకోవడం అలవాటవుతుంది. పైమూత ఊడేది కొంటే పిల్లిని లాగక్కర్లేదు, మూత తీసి అందులో కూర్చోబెట్టే పరీక్ష చేయొచ్చు. ఆటోలో బుట్ట మీద పల్చటి గుడ్డ కప్పండి. వెయిటింగ్ హాల్లో కుక్కలుంటే బయటే ఆగి, మీ వంతు వచ్చాక పిలవమనండి. బాగా భయపడే పిల్లికి ముందురోజు, బయల్దేరే ముందు ఇచ్చే గాబాపెంటిన్ అనే మందు డాక్టరు రాస్తారు. కిడ్నీ పిల్లికి మోతాదు తగ్గిస్తారు కాబట్టి పక్కింటి పిల్లి చీటీ పనికిరాదు.

ఎక్కడికి వెళ్ళాలంటే, హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ, మా విజయవాడవైపు గన్నవరం వెటర్నరీ కాలేజీ, సీమలో తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ ఉన్నాయి. ఊళ్ళలో 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. అది ప్రధానంగా పాడి పశువుల కోసం పెట్టింది, పిల్లిని చూస్తారా అని ఫోన్‌లోనే అడగండి.

మన పిల్లే కదా, కరిస్తే ఇంజెక్షన్ అవసరమా?

ముందు సబ్బుతో, కొళాయి కింద, 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం పెట్టకండి. ఆరోజే డాక్టర్ని కలవండి. పిల్లికి రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నా, బయటికి పోకపోయినా, ఇంజెక్షన్ కావాలో వద్దో తేల్చాల్సింది డాక్టరే. ప్రభుత్వాసుపత్రుల్లో ఆ టీకా ఉచితం. రేబిస్ కాకపోయినా పిల్లి పన్ను సూదిలా లోతుకి దిగి సూక్ష్మజీవుల్ని లోపల పెట్టి మూసేస్తుంది. మా అమ్మ చెయ్యి మర్నాటికి మోచేతి దాకా వాచింది, యాంటీబయాటిక్స్ వాడాల్సి వచ్చింది.

ఎండాకాలం ఎలా గడుస్తుంది?

మే నెల విజయవాడలో మనుషులకే ఊపిరాడదు. కిడ్నీ పిల్లి ఒంట్లో నీళ్ళు నిలవవు. ఇల్లంతా మట్టి మూకుళ్ళలో నీళ్ళు పెట్టండి, తిండి దగ్గర ఒకటి కాదు, దూరంగా నాలుగైదు చోట్ల. తిండిలో నీళ్ళు కలపండి. కరెంటు పోయినప్పుడు తడి గుడ్డతో చెవులు, పాదాలు తుడవండి. సుబ్బులు మధ్యాహ్నాలు బాత్రూం గచ్చు మీదే కాపురం పెట్టేది. చూపు తగ్గిన పిల్లి ఉంటే బాల్కనీకి పావురాల వల కట్టించండి, పావురాల కోసం కాకపోయినా.

హుషారొస్తుందని పిల్ల పిల్లిని తెస్తే?

ముసలాయనకి తోడుగా ఉంటుందని నర్సరీ పిల్లాడిని ఆయన మంచం మీద వదిలినట్టు ఉంటుంది. వద్దు.

అన్ని పరీక్షలకీ మందులకీ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

ఇది అడగడానికి అందరూ సిగ్గుపడతారు. డాక్టరు దగ్గర మొదటి రోజే "నెలకి ఇంత పెట్టగలను, ఇందులో దేనికి ముందు పెట్టాలి" అని చెప్పేయండి. మంచి డాక్టరు వరస కట్టి ఇస్తారు. నా అనుభవంలో మొదట రావాల్సింది నొప్పి మందు, తర్వాత వికారం, ఆకలి మందులు, ఆ తర్వాత కిడ్నీ తిండి. ప్రతి నెలా అన్ని రక్తపరీక్షలూ అక్కర్లేదు. బీపీ, థైరాయిడ్ మాత్రలు మనుషుల మెడికల్ షాపులో దొరికేవే, ఖర్చు తక్కువ. సెలైన్ ఇంట్లో ఎక్కిస్తే క్లినిక్కు ఖర్చు, ఆటో ఖర్చు రెండూ తగ్గుతాయి. అప్పు చేసి పెద్ద ఆసుపత్రిలో వారం ఉంచితేనే ప్రేమ ఉన్నట్టు కాదు.

విసుగొస్తోంది. ఒక్కోసారి పోతే బాగుణ్ణు అనిపిస్తోంది. నేను చెడ్డదాన్నా?

కాదు. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి మూడోసారి దుప్పటి మారుస్తూ నేనా మాట పైకే అన్నాను. సుబ్బులు పీట మీద కూర్చుని వింది. తర్వాత అరగంట ఏడ్చాను. మంచంలో ఉన్న పెద్దవాళ్ళకి చేసినవాళ్ళందరికీ ఈ మాట మనసులో వచ్చే ఉంటుంది, పైకి చెప్పరంతే. ఇంట్లో పని పంచండి. మా ఇంట్లో రాత్రి ట్రే మా ఆయనది, పొద్దుటి సెలైన్ నాది, ఆదివారం గోళ్ళు మా అబ్బాయివి. వాడు పరీక్షలప్పుడు కూడా మానలేదు, అదో సాకు అనుకోండి.

చేపల మార్కెట్ దగ్గర వదిలేస్తే అదే బతుకుతుందని మామయ్యగారు అంటున్నారు.

బతకదు. పళ్ళు లేని, కీళ్ళు పట్టేసిన పిల్లికి అక్కడి కుక్కల మధ్య ఒక్క రాత్రి కూడా కష్టం. ఆకలితో మాడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. జరిమానా పదుల రూపాయల్లోనే ఉంది, కాబట్టి మామయ్యగారు చట్టానికి భయపడరు. "మీకు కిడ్నీలు పోతే ఎక్కడ దింపమంటారు" అని నేను అడగలేదు, మా అత్తయ్యగారు అడిగారు.

ఇంజెక్షన్ ఇప్పించి పంపేయడం పాపం కాదా? ఎప్పుడని తెలుస్తుంది?

పిల్లిని చంపితే మహాపాపమని వింటూ పెరిగినవాళ్ళం. బంగారు పిల్లిని చేయించి దానం చేయాలని కూడా అనేవారు. ఆ మాట నాకూ గుచ్చుకుంది. చట్టం ఒప్పుకుంటుంది, కోలుకోలేని బాధలో ఉన్న జంతువుకి పశువైద్యుడు ఆ పని చేయొచ్చు. ఒప్పుకోని డాక్టర్లూ ఉన్నారు, అది వాళ్ళ మనసు. అందుకే చివరి రోజు వెతుక్కోకుండా ముందే అడిగి పెట్టుకోండి.

ఎప్పుడన్నది తేల్చుకోవడానికి అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ ఒక కొలత చెప్పారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా అనేది. ఒక్కోదానికి పదికి మార్కులు, మొత్తం 70. 35 దాటితే ఇంకా నెట్టుకురావచ్చు. నేను వారానికోసారి వేసేదాన్ని, మా ఆయన విడిగా వేసేవారు. నాకెప్పుడూ ఆయన కంటే ఆరేడు మార్కులు ఎక్కువ వచ్చేవి. ఇద్దరం వేయడంలోనే దాని ఉపయోగం తెలిసింది.

ఇంకో పద్ధతి సుళువైనది. మీ పిల్లికి ఇష్టమైన మూడు పనులు రాసుకోండి. సుబ్బులువి: పొద్దుటెండలో కిటికీ గట్టు, మీగడ, మా అబ్బాయి స్కూలు బ్యాగు మీద పడుకోవడం. గట్టు ముందే పోయింది. మీగడ వేలు నాకడం మానేసిన రోజున డాక్టరుకి ఫోన్ చేశాం.

ఆ రోజు ఏం జరుగుతుంది?

ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, అది నిద్రపోతుంది. తర్వాత మత్తుమందే ఎక్కువ మోతాదులో నరంలోకి ఇస్తారు. కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, ఆగిపోయాక కూడా ఒకటి రెండుసార్లు ఊపిరి లాగినట్టు కదలొచ్చు, పాస్ పోవచ్చు. ముందే తెలిస్తే భయం ఉండదు, కింద తువ్వాలు వేయండి. ఇంటికొచ్చే డాక్టర్లు ఉంటారు, అడగండి. మత్తు ఇంజెక్షన్ లేకుండా నేరుగా రెండోది ఇస్తామంటే కాదనండి.

సొంత దొడ్డి ఉంటే బావికి దూరంగా కనీసం మూడడుగుల లోతు తవ్వి, పైన రాయి పెట్టండి. ఆ మందు ఒంట్లో ఉండిపోతుంది కాబట్టి కుక్కలు తవ్వి తింటే వాటికీ ప్రమాదం. హైదరాబాద్‌లో నాగోల్ దగ్గర ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది. మిగతాచోట్ల మున్సిపాలిటీవాళ్ళని అడగాలి.

మిగిలిపోయిన మందులు, సామాను ఏం చేయాలి?

సీలు తీయని తిండి, ఆర్‌ఎల్ బాటిళ్ళు జంతు సంరక్షణ కేంద్రాలవాళ్ళు సంతోషంగా తీసుకుంటారు. హైదరాబాద్‌లో అయితే 1992 నుంచి ఉన్న బ్లూ క్రాస్‌ని అడగొచ్చు. విప్పిన మందులు ఎవరికీ ఇవ్వకండి. సూదులు చెత్తబుట్టలో వేస్తే ఎత్తేవాళ్ళ చేతుల్లో దిగుతాయి, మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి మీ క్లినిక్కులో ఇచ్చేయండి. కోసిన టబ్బు మా పనిమనిషి రెండు నెలల తర్వాత అడిగింది, వాళ్ళ గల్లీలో ఒక ముసలి పిల్లి ఉందట. టేపు కొత్తది చుట్టి ఇచ్చాను.